గైడు జరిపిన చెయ్యి

మిషను షెడ్డు,
సోమవారం

గైడు జరిపింది మీరు. బెంచి చెక్క పాడైంది మీ వల్ల. అంతా అయ్యాక, నా చేతిలో నిలకడ లేదని నాన్నకి ఉత్తరం రాసిందీ మీరే. ముందు ఈ మూడూ ఒప్పుకోండి. మీ మోకాలి నొప్పి ఎలా ఉందో తర్వాత అడుగుతాను.

పెదనాన్నా, ఆ ఉత్తరం నాన్న నాకు చదివి వినిపించాడు, సగం మింగేసి. మింగిన సగం నేనే లాక్కుని చదివాను. "అమ్మాయికి చెక్క మీద ప్రేమ ఉంది కానీ చెయ్యి నిలవదు. ఆ బ్యాండ్‌సా రంపం మిషను ఇక మనకెందుకు, కిటికీలు చేసే ఆయన అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం" అని రాశారు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

మిషను మీది. కాదనను. మీరు కొన్నారు, మీ మేడ మెట్లు ఎక్కక మా షెడ్డులో దింపారు. పాత ఆపరేటరు మానేసి వెళ్ళిపోతే దాని మీద బొంత కప్పి వదిలేశారు. ఆ బొంత తీసింది నేను. తుప్పు గీకింది నేను. వెడల్పు బ్లేడు ఎక్కించడం, చక్రాల బిగువు చూసుకోవడం, చెక్కని నిలబెట్టి పల్చటి పొరలుగా చీల్చడం, ఏదీ ఎవరూ నేర్పలేదు. మీరూ నేర్పలేదు, మీకూ రాదు కాబట్టి.

మీకు మతిమరుపు వచ్చినట్టుంది, గుర్తు చేస్తాను. రైల్వే వాళ్ళు పడగొట్టిన వెయిటింగ్ రూములోని బెంచి పలక అది. గిటారు టీచరమ్మ దాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విని, "నా గిటారు వీపు దీంతోనే చెయ్యండి" అని మీతో అంది. మీరు పలకని రెండు చేశారు. ఒక ముక్క మీ మేడ మీద ఉంచుకున్నారు, బొటనవేలి మందం ఉన్న రెండో ముక్క నాకిచ్చారు. అందులోంచి నేను అయిదు పొరలు తియ్యాలి. వీపుకి రెండు, పక్కలకి రెండు, ఒకటి ముందు జాగ్రత్తకి. "శుభ్రంగా తీశావా, మిషను నీది, ఇకమీద నా కోతంతా నీది. పాడుచేశావా, నా చెక్కలు ఫ్యాక్టరీకి పోతాయి" అన్నారు. అన్నారా, లేదా?

అమ్మమ్మ కంటి ఆపరేషనుకని రెండు రోజులు వెళ్ళాను. వెళ్ళే ముందు, చెక్కని ఆనించి తోసే ఆ నిలువు పలక, మీరు గైడు అంటారే, దాన్ని ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి, తుక్కు చెక్క కోసి చూసి, బిగించాను. గైడు కాలు బల్లకి తగిలేచోట రెండింటి మీదా ఎర్ర రంగుతో గీత పెట్టాను. ఆ గీతలు కలిసి ఉంటే గైడు నా లెక్కలో ఉన్నట్టు. ఆ రెండు రోజుల్లో మీరు వచ్చారు, టీ తాగారు, వెళ్ళిపోయారు.

నేను తిరిగొచ్చేసరికి మిషను బల్ల అద్దంలా ఉంది. ఎర్ర గీతలు కలిసే ఉన్నాయి. దిమ్మ పెట్టి తోశాను. జానెడు వెళ్ళిందో లేదో బ్లేడు ఏడవడం మొదలుపెట్టింది. కాలిన వాసన. నేను ఎటు పట్టుకుంటే దానికి అడ్డంగా లాగుతోంది. ఆపేసరికి దిమ్మ కడుపులోకి దూరిపోయింది. తీసి చూస్తే పొర ఒక కొన నా చిటికెన వేలంత, ఇంకో కొన ఉల్లిపొరంత. మిగిలిన దిమ్మ మీద పడుకోవచ్చు, అంత గుంట. దాన్ని చదును చేస్తే ఇక మిగిలేది ఏమిటి?

నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఆ ఎర్ర గీత కళ్ళకెదురుగా కనబడింది. నా గీత అరిగిపోయిన బ్రష్షుతో గీసింది, చివర తోక కూడా ఉంటుంది. ఇదేమో స్కేలు పెట్టి గీసింది. పెయింటు గీతని కూడా స్కేలు పెట్టి గీసే మనిషి ఈ లోకంలో నాకు తెలిసి ఒక్కరే.

"నాన్నా, పెదనాన్న మిషను ముట్టుకున్నాడా?"

"కాస్త తుడిచాడమ్మా."

"తుడిచాడా, జరిపాడా?"

"పోనీలేమ్మా, పెద్దాడు."

నేను పోనివ్వను. జవాబు రాయండి. నాన్నకి కాదు, నాకు.

మీ తమ్ముడి కూతురు


మేడ మీద,
గురువారం

సూదీ,

పుట్టినప్పుడు పుల్లలా ఉన్నావని ఆ పేరు పెట్టాను. గుచ్చడం మాత్రం నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. నీ ఉత్తరం రెండు సార్లు చదివి, మూడోసారి మీ పెద్దమ్మ చేత చదివించుకున్నాను, నేనేమైనా తప్పు చదివానేమోనని. ఆవిడ నవ్వింది. ఎవరి మీద నవ్విందో చెప్పలేదు.

అవును, జరిపాను. అది నేరమైతే నేరస్తుణ్ణే. గైడు వంకరగా ఉంది. కొంచెం కాదు, మనిషి దూరం నుంచి చూసినా తెలిసేంత వంకర. మూలమట్టం తెచ్చి బ్లేడుకి ఆనించి చూశాను. గైడుకీ మూలమట్టానికీ మధ్య నుంచి వెలుతురు వస్తోంది. అలాంటి గైడు మీద బెంచి చెక్క ఎక్కుతుందని తెలిసి చూస్తూ వెళ్ళిపోనా? తిన్నగా చేశాను. నీ ఎర్ర గీత తుడిచేశాను, ఎక్కడ నీకు అలవాటు తప్పుతుందోనని కొత్తగా గీశాను. నీ డబ్బాలో రంగే వాడాను. మూత గట్టిగా పెట్టాను కూడా, నువ్వు ఎప్పుడూ పెట్టవు.

నా బతుకంతా చెక్క పనిలో గడిచింది. తిన్నగా ఉన్నదాన్ని ఆనించి తోస్తే తిన్నగా తెగుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. తిన్నటి గైడు మీద వంకర కోత వచ్చిందంటే తప్పు తోసిన చేతిలోనో మిషనులోనో ఉండాలి. చేతిలో లేదంటావా, సరే, మిషనులో ఉంది. అందుకే అమ్మేద్దామన్నాను. ఇందులో నీకు కోపం తెప్పించే మాట ఏదో చెప్పు.

ఒక మాట. కోసే ముందు తుక్కు చెక్క మీద మళ్ళీ ఒకసారి చూసుకోవద్దా? నేనైతే చూసుకుంటాను.

టీచరమ్మ వచ్చి అడిగింది. వానాకాలం వెళ్ళాక చెప్తానన్నాను. నా దగ్గరున్న ముక్కని ఫ్యాక్టరీకి పంపించాను, అక్కడ వరస పెద్దదట. కిటికీలాయన ఒకసారి మిషను చూడ్డానికి వస్తాడు. మర్యాదగా మాట్లాడు.

మోకాలు అలాగే ఉంది.

పెదనాన్న


మిషను షెడ్డు,
ఆదివారం

పెదనాన్నా,

మా ఇంటికి వచ్చినప్పుడల్లా మీరు ఏం చేస్తారో తెలుసా? గోడ మీద ఫోటోలు సరిచేస్తారు. అన్నం ముందు నుంచి లేచి మరీ సరిచేస్తారు. చాప అంచు గచ్చు గీతకి కలుపుతారు. చెప్పుల జతలు వరసగా పెడతారు, అమ్మ వాటిని తొక్కి పడబోయింది ఒకసారి. ఇవన్నీ మేం నవ్వుకుని ఊరుకున్నాం. నా గైడు గోడ మీద ఫోటో కాదు.

వంకరగా ఉందన్నారు. ఉంది. నేనే వంకరగా పెట్టాను. కావాలనే పెట్టాను.

పెద్ద దుకాణంలో సామాన్లు వేసుకునే తోపుడు బండ్లు ఉంటాయి కదా, మీ చేతికి ఎప్పుడూ చక్రం పాడైన బండే వస్తుంది, పెద్దమ్మ మిమ్మల్ని తిడుతుంది. ఆ బండిని తిన్నగా తోస్తే ఎటు పోతుంది? పక్కకి పోయి సబ్బుల వరసని గుద్దుకుంటుంది. తిన్నగా వెళ్ళాలంటే కాస్త వాలుగా పట్టుకుని తోయాలి. అంతే, బ్లేడు కూడా అంతే. పళ్ళు రెండు పక్కలా ఒక్కలా ఉండవు. ఒక పక్క ఇంకాస్త వాడి. అందుకని ఏ బ్లేడుకి ఆ బ్లేడు ఒక పక్కకి లాగుతుంది. మిషను పాడై కాదు. నా చెయ్యి పాడై కాదు. దాని తీరు అది.

దాని తీరు ఏమిటో కనుక్కోవడానికి నేనేం చేస్తానంటే, తుక్కు చెక్క మీద పెన్సిలు గీత గీసి, గైడు తీసేసి, వట్టి చేత్తో గీత వెంబడి కోస్తాను. బ్లేడు గీత మీదే నడవాలంటే చెక్కని ఎంత వాలుగా పట్టుకోవాలో చేతికి తెలిసిపోతుంది. సగంలో మిషను ఆపి, చెక్కని కదలనివ్వకుండా నొక్కి పట్టుకుని, ఆ వాలుకి గైడు తెచ్చి బిగిస్తాను. అప్పుడిక దిమ్మ తనంతట తనే నడుస్తుంది. వేలితో తోస్తే చాలు. అలా తీసిన పొరని దీపానికి అడ్డం పెడితే వెలుతురు అంతటా ఒక్కలా ఉంటుంది. ఇది పట్టుకోవడానికి నేను ఎంత చెక్క తగలేశానో నాన్నని అడగండి. పోనీలే అంటాడు.

తుక్కు మీద మళ్ళీ చూసుకోవద్దా అని అడిగారు. చూసుకునే పని లేకుండా చెయ్యడానికే కదా గీత పెట్టింది! గీత లేకపోతే అనుమానం వచ్చి ఆగేదాన్ని. గైడు జరిపి, గీత తుడిచేసి ఊరుకున్నా బాగుండేది. మీరు ఇంకో గీత గీశారు. నా రంగుతో. నా సంతకం మీరు పెట్టినట్టు.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో రెండు పొరలు పంపుతున్నాను. ఒకే చెక్క, ఒకే బ్లేడు, ఒకే చెయ్యి. 'అ' అని రాసింది మీ మూలమట్టం లెక్కన తిన్నటి గైడు మీద కోసింది. 'ఆ' అని రాసింది నా వంకర గైడు మీద కోసింది. మీ దగ్గర మందం కొలిచే కాలిపరు ఉంది, నాలుగు మూలలా పెట్టి చూడండి. చూసి, నాన్నకి ఇంకో ఉత్తరం రాయండి. మొదటిది ఎంత పొడుగు రాశారో ఇదీ అంత పొడుగు రాయండి.

కిటికీలాయనతో మర్యాదగానే మాట్లాడతాను. మిషను మాత్రం చూపించను.

సూది


మేడ మీద,
బుధవారం

సూదీ,

పార్సిలు వచ్చింది. వచ్చి చాలా రోజులైంది, వెంటనే రాయలేకపోయాను. పనులు.

కొలిచాను. 'అ' ఎలా ఉందో నీకు తెలుసు. 'ఆ' నాలుగు మూలలా ఒక్కలాగే వచ్చింది. మధ్యలో కూడా పెట్టి చూశాను. బాగా తీశావు. ఎండిన మెత్తటి చెక్క అనుకో, బెంచి చెక్కంత మొండిది కాదు. అయినా బాగా తీశావు. మీ పెద్దమ్మ ఆ పొరని కిటికీకి ఆనించి చాలాసేపు చూసింది.

నువ్వు చెప్పిన తోపుడు బండి సంగతి ఆలోచించాను. మనిషి ఎంతకాలం పని చేసినా తెలియనివి కొన్ని ఉంటాయి. సరే. అయిందేదో అయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఇంట్లో వాళ్ళం, దీన్ని ఇక్కడితో వదిలేద్దాం. మీ నాన్నకి నేను ప్రత్యేకంగా రాయడం ఎందుకు, వాడికి ఇవన్నీ పట్టవు, తెలుసుగా.

మిషను సంగతి, కిటికీలాయనకి మాట ఇచ్చేశాను. మాట ఇచ్చాక వెనక్కి తీసుకుంటే బాగుండదు. నీకు కావాలంటే తర్వాత చిన్నది ఏదైనా చూద్దాం.

ఇంకొకటి. ఆ మిగిలిన దిమ్మ ముక్క ఉంది కదా, గుంట పడింది, దాన్ని నాకు పంపించెయ్యి. నీ దగ్గర ఉంచుకుని ఏం చేస్తావు, తుక్కేగా. నేను గిటారు మెడ కిందకో, తీగలు ఆనే వంతెనకో ఏదో ఒకదానికి వాడుకుంటాను. మీ నాన్న ఇటు వచ్చే పని ఉంటే వాడికిచ్చి పంపు. నువ్వు దాన్ని చదును చెయ్యడం, కొయ్యడం లాంటివి పెట్టుకోకు. ఎలా ఉన్నది అలాగే పంపు.

వానలు తగ్గాయి. షెడ్డు తలుపు తెరిచిపెట్టు, బ్లేళ్ళు తుప్పు పడతాయి.

పెదనాన్న


మిషను షెడ్డు,
గురువారం

పెదనాన్నా,

తుక్కు అన్నారు. అయినా పంపమన్నారు. పైగా ముట్టుకోకుండా పంపమన్నారు. మీరు తుక్కుని ఇంత మర్యాదగా అడగడం నేను ఎప్పుడూ వినలేదు. అందుకని మూలన పడేసినదాన్ని తీసి బల్ల మీద పెట్టి చూశాను.

దిమ్మ కోసే ముందు నేను దాని కొన మీద, ఈ మూల నుంచి ఆ మూలకి, ఏటవాలుగా ఒక గీత గీస్తాను. దీనికి ఊరెళ్ళే ముందే గీశాను. ఒక్కొక్క పొరా తెగినప్పుడు ఆ గీతలో ఒక్కొక్క ముక్క దానితో పోతుంది. తర్వాత పొరలన్నీ కలిసిపోయినా, గీత ముక్కలు కలుపుకుంటూ పోతే ఏది ఏ పొర పక్కదో తెలుస్తుంది. వీపుకి పక్కపక్క పొరలే వెయ్యాలి కదా, పుస్తకం తెరిచినట్టు చారలు ఎదురెదురుగా రావాలి కదా. కోసే ముందు చూసేది దిమ్మ మొహం. కొన చూసేది పొరలు పేర్చేటప్పుడు. నాకు ఆ రోజు పేర్చడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి కొన చూడలేదు.

ఇప్పుడు చూశాను. పాడైన పొరని దిమ్మకి ఆనించి పెట్టాను. గీత ఆ మూలలో అయిపోయింది, బాగానే ఉంది. ఈ మూలలో మొదలవ్వాలి. మొదలవ్వలేదు. మూల కంటే కింద, మధ్యలోంచి మొదలైంది. ముందు భాగం లేదు. ఒక పొర లేదు.

నేను కోసింది ఒక్కటే.

గీత తప్పిన ఆ వైపు, మొహం మీద చెయ్యి పెట్టి చూశాను. మీరు ఇచ్చినప్పుడు అది రంపం గరుకుతో ఉంది. ఇప్పుడు నున్నగా ఉంది. ఆ రోజు నాన్న నున్నగా చేసి ఉంచాడనుకుని మందం కూడా చూడకుండా తోసేశాను. మిషను నునుపు కాదు, చిత్రిక పట్టిన నునుపు. వెలుతురుకి పెట్టి చూస్తే చిత్రిక బ్లేడు వెళ్ళిన దారి కూడా తెలుస్తుంది. అంత పల్చగా, అంత శుభ్రంగా చిత్రిక పట్టేది మా ఇంట్లో నేను కాదు, నాన్న కాదు.

నాన్నని అడిగాను. జిగురు బ్రష్షు కడుగుతున్నాడు.

"ఆ రోజు పెదనాన్న మిషను వేశాడా?"

బ్రష్షు మళ్ళీ కడిగాడు. శుభ్రంగా ఉన్న బ్రష్షుని ఇంకోసారి కడిగాడు.

"చప్పుడైతే వినబడింది."

"వెళ్ళేటప్పుడు చేతిలో ఏమైనా ఉందా?"

"పేపర్లో చుట్టి ఏదో... నేను అడగలేదమ్మా. అన్నయ్య మొహం అదోలా ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

నా చెయ్యి నిలవదని ఊరంతా అనుకుంటే మాత్రం నేను బాధపడనని వాళ్ళ లెక్క.

పెదనాన్నా, మీరు నాకంటే ముందు కోశారు. మీకు వంకర పొర వచ్చింది. గైడు జరిపాక కోత పాడవుతోందని మీకు తెలుసు. తెలిసి కూడా గైడు అలాగే వదిలేసి, గీత అలాగే వదిలేసి, దిమ్మని నున్నగా చేసి నా కోసం బల్ల మీద పెట్టి వెళ్ళారు. తర్వాత నా చెయ్యి మంచిది కాదని రాశారు.

ఎందుకు? ఈ ఒక్కదానికీ జవాబు కావాలి. మోకాలి గురించి రాయకండి.


మేడ మీద,
సోమవారం

అమ్మా,

నువ్వు చూసింది నిజం.

మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయబోయి, పెన్ను పక్కన పెట్టి, మూలమట్టం గురించి రాశాను. రెండో ఉత్తరంలో దిమ్మ పంపమన్నాను. నువ్వు కొన చూస్తావని భయం. చూశావు.

ఆ రోజు గైడు సరిచేసిన మాట, గీత గీసిన మాట నిజమే, మంచికే చేశాననుకున్నాను. దిమ్మ అక్కడే ఉంది. చేతి రంపంతో ఇంత పొర తియ్యడానికి నాకు అవతల ఇంకో మనిషి కావాలి, ఒక పూట కావాలి, సాయంత్రం భుజం లేవదు. నువ్వేమో టీ చల్లారేలోగా తీసి పెడతావు. ఒక్కటి నేనూ తీసి చూద్దామనుకున్నాను. దాన్ని ఏమంటావో నువ్వే అనుకో, నేను కాదనను.

బ్లేడు ఎటో పోయింది. పొర చూసుకుంటే సిగ్గేసింది. గైడు మీద నాకు అనుమానమే రాలేదు, అది తిన్నగా ఉంది కదా. నా చెయ్యి పోయిందనుకున్నాను. ఈ మధ్య కప్పు పట్టుకుంటే సాసరు చప్పుడు చేస్తోంది, మీ పెద్దమ్మ కూడా గమనించింది. వయొలిన్ బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళ ముందు చేతులు బల్ల కింద పెట్టుకుంటున్నాను. అందుకని దిమ్మని చిత్రిక పట్టి, పొరని పేపర్లో చుట్టి తెచ్చేసుకున్నాను. నీకు హాని చేద్దామని కాదు. నా కోత ఎవరూ చూడకూడదని.

తర్వాత నీ కోత కూడా పాడైందని మీ నాన్న కబురు పంపాడు. అప్పుడు నాకు ఏమనిపించిందో రాస్తాను, రాయకపోతే ఈ ఉత్తరం కూడా ముందు రెండింటిలాంటిదే అవుతుంది. హమ్మయ్య అనిపించింది. కుర్రపిల్ల, గట్టి చెయ్యి, దానికీ అలాగే వచ్చిందంటే నా ఒక్కడి చెయ్యే కాదు అనుకున్నాను. ఆ పూట అన్నం బాగా తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, మీ నాన్నకి ఆ ఉత్తరం రాశాను. మిషను ఇంట్లో లేకపోతే ఇక ఎవరి చెయ్యి ఎలాంటిదో తేలే పని కూడా ఉండదు.

నీ రెండు పొరలు వచ్చాక తెలిసింది, నా చేతి తప్పు కాదని. సంతోషించాల్సింది. నీకు ఎలా చెప్పాలో తెలియక నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తోచినది రాస్తాను. కోప్పడకుండా చదువు. మీ నాన్నకీ టీచరమ్మకీ చెక్క లోపల పగులు ఉందని, పైకి కనబడలేదని చెప్దాం. నీ మీద మాట పోతుంది, నా మీదకి రాదు. ఎవరికీ నష్టం లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చేవారం మన ముక్క కోస్తామన్నారు, గిటారు ఎలాగో పూర్తవుతుంది. ఈ వయసులో టీచరమ్మ ముందు నిలబడి నేనే పాడుచేశానని చెప్పుకోవాలంటే నోరు రాదమ్మా. ఆవిడ నలుగురికి చెప్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు నా చేతుల్ని చూసే కదా వస్తారు.

మిషను గురించి, నువ్వు ఏదంటే అది మాట్లాడుకుందాం. ముందు నా మీద కోపం తగ్గించుకో.

పెదనాన్న


మిషను షెడ్డు,
మంగళవారం

చెక్కలో పగులు లేదు. ఎంతమంది ఎక్కి కూర్చున్నా, ఎన్ని పెట్టెలు ఎత్తేసినా పగలని బెంచి అది. ఇప్పుడు మీ పరువు కోసం దాన్ని పగలమంటారా?

మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించలేదు. అది మీరు చెయ్యాల్సిన పని.

ఆ హమ్మయ్య మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది. మీరు కడుపు నిండా తిన్న పూట నేను అన్నం ముట్టలేదు. షెడ్డులో నేల మీద కూర్చుని నా చేతులు ముందుకు చాపి, వణుకుతున్నాయేమో చూసుకున్నాను. గీత కనబడేదాకా నేనూ మీలాగే అనుకున్నాను, చెయ్యి పోయిందని. మీకు ఆ భయం ఎలా ఉంటుందో తెలుసు. తెలిసి నాకు అంటగట్టారు. నా వయసుకి ఆ భయం అంటగట్టారు.

సాసరు చప్పుడు సంగతి నాకు చెప్పి ఉంటే నవ్వేదాన్ని కాదు. డాక్టరుకి చూపించండి. పెద్దమ్మకి వేరే రాస్తున్నాను, మిమ్మల్ని లాక్కెళ్ళమని. అది వేరే విషయం, దాన్ని ఇందులో కలపకండి.

నిన్న కిటికీలాయన వచ్చాడు. మిషను చూపించనన్నాను. "మీ పెదనాన్న మాట ఇచ్చారమ్మా" అన్నాడు. పెద్దమనిషి, గొడవ చెయ్యలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. అప్పుడు నేను ఏదో తుక్కు కోస్తున్నాను. ఆగి చూశాడు. పొర తీసి పక్కన పెట్టాను, తీసుకుని కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇది చేత్తో తోశారా?" అన్నాడు. "కాదు, కాలితో" అన్నాను. నవ్వాడు. "మిషను తీసుకెళ్తాను కానీ నడిపే మనిషి లేడు నా దగ్గర. మీరు కూడా వస్తారా? పని ఏమీ కష్టం కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ బద్దలు కొయ్యడమే, అన్నీ ఒకటే కొలత" అన్నాడు. శనివారం పొద్దున బండి తెస్తాడట. అప్పుడు చెప్తానన్నాను.

బద్దలు కొయ్యడం నాకు వచ్చు. కళ్ళు మూసుకుని కోస్తాను. వినేవాళ్ళు చెవి ఆనించి వినే పొరలు కొయ్యాలని నేను ఇన్నాళ్ళూ రంపపు పొట్టు మింగాను. ఆ పని ఈ షెడ్డులోనే ఉంది, మీ చేతిలో ఉంది. మీ దగ్గరున్న ఆ ఒక్క ముక్కా ఫ్యాక్టరీలో ఎవరి చేతిలోనో తెగిపోతే, నేను కొయ్యగలనని చూపించడానికి ఇక ఆ చెక్క లేదు. ఎప్పటికీ, ఆ అమ్మాయి పాడుచేసింది, ఫ్యాక్టరీ వాళ్ళు బాగుచేశారు, అనే మాటే మిగులుతుంది. పగులు అని మీరు చెప్పినా అదే మిగులుతుంది. మా నాన్న అయితే నమ్మినట్టు తల ఊపుతాడు, ఇంకా ఘోరం.

అందుకని నాకు కావాల్సింది ఇది. ఫ్యాక్టరీకి మనిషిని పంపి మీ ముక్క వెనక్కి తెప్పించండి, వాళ్ళు ముట్టుకోక ముందే. దాన్ని మీరే ఇక్కడికి తీసుకురండి, టీచరమ్మని వెంటబెట్టుకుని రండి. గైడు జరిపింది నేను, మొదట కోసింది నేను, అమ్మాయి కోత చెడింది నా వల్ల అని, నాన్న ముందు, ఆవిడ ముందు, మీ నోటితో చెప్పండి. రెండు ముక్కల్లో చెప్పండి చాలు, మోకాళ్ళ మీద పడమనడం లేదు. చేతుల గురించి చెప్పక్కర్లేదు, అది మీ సొంతం. తర్వాత స్టూలు మీద కూర్చోండి. మూలమట్టం ఇంట్లో వదిలేసి రండి. నేను కోస్తాను. అయిదు పొరలు. పాడైతే మిషనుకి నేనే తాడు కట్టి కిటికీలాయన బండి ఎక్కిస్తాను, మీ ముందే. పాడవకపోతే మిషను నాది, షెడ్డు తాళం నాది, మీ కోతంతా నాది. మీరు అన్న మాటే, నేను కొత్తగా ఏమీ అడగలేదు.

మీకు నోరు రాదన్నారు. నాన్నకి నా గురించి రాసినప్పుడు చెయ్యి వచ్చింది కదా.

శుక్రవారం టపాలో జవాబు నా చేతికి అందాలి. శనివారం బండి వచ్చిందంటే అందులో మిషను ఒక్కటే వెళ్ళదు, నేనూ వెళ్తాను, ఇక మీ చెక్క జోలికి రాను. అవును అని రాయండి, లేకపోతే కాదు అని రాయండి. చూద్దాం అని రాస్తే కాదు అనే చదువుకుంటాను.